పురిటికొచ్చే పక్షుల ఊరు

మా అమ్మాయి పురిటికి బరంపురం వచ్చినప్పుడు మూడు పెట్టెలూ, సెల్‌ఫోనులో ఒక జాబితా తెచ్చుకుంది. పెట్టెల సంగతి మా ఆవిడ చూసుకుంది. జాబితా మాత్రం నా చేతికొచ్చింది. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి కదా, జాబితాలు సరిచూడటం నా వంతు. అందులో డెబ్భై ఎనిమిది పేర్లున్నాయి. అన్నీ పక్షుల పేర్లేనట!

"పక్షి పేరే ఎందుకమ్మా?" అని అడిగాను.

"నేను ఒడిశాలో పుట్టాను. ఆయన మహారాష్ట్రలో పుట్టారు. ఉద్యోగాలేమో బెంగళూరులో. రేపు ఎక్కడుంటామో తెలియదు. పిల్లకి ఏ ఊరి పేరు పెట్టేది, ఏ భాష పేరు పెట్టేది నాన్నా? పక్షి పేరయితే ఎక్కడైనా చెల్లుతుంది" అంది.

సమాధానం విన్నాక నాకు కాదనడానికి ఏమీ కనిపించలేదు. మన పత్రిక చదివే కుటుంబాలన్నిటిదీ ఇంచుమించు ఇదే కథ. నా మట్టుకు నేను 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందునుంచీ బరంపురంలో ఉన్న తెలుగు కుటుంబంలో పుట్టాను. ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివాను. మా వియ్యంకులు తరతరాలుగా షోలాపూరులో స్థిరపడిన నేత కుటుంబం. అల్లుడుగారు తెలుగు చక్కగా మాట్లాడతాడు, మధ్యలో మరాఠీ దొర్లుతుంది. చదవడం, రాయడం మాత్రం రావు.

నవంబరు చివర్లో అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇరవైఒకటో రోజున బారసాల అనుకున్నాం. ఇక జాబితా బయటికి తీశారు.

నేను పద్దు సరిచూసినట్టే చూశాను. సగం పేర్లకు వోచర్లు లేవు! 'పక్షి అని అర్థం' అని రాసి ఉంది గానీ ఏ భాషలోనో రాయలేదు. మిగిలినవాటిలో తెలిసిన పేర్లు కొన్ని దొరికాయి. కోకిల, మయూరి, హంస, సారస, శారిక. ఒక్కొక్కటే చర్చకు పెట్టాం.

కోకిల అనగానే నేను నోరు జారాను. తోటలో కుహూ అని పాడేది మగ కోకిల. నల్లగా నిగనిగలాడేదీ అదే. ఆడకోకిలకి ఒంటినిండా చుక్కలుంటాయి, 'కిక్ కిక్' మని అరుస్తుంది, గుడ్లు తీసుకెళ్ళి కాకి గూట్లో పెడుతుంది. ఈ మాట చెప్పగానే మా ఆవిడ, "నా మనవరాలు పిల్లల్ని ఇంకొకరింట్లో వదిలేస్తుందనా మీ ఉద్దేశం?" అంది. కోకిల కొట్టివేత.

మయూరి సంగతి కొంచెం మేలు. 1985లో 'మయూరి' సినిమా వచ్చాక మా వీధిలోనే ఇద్దరు మయూరులు పుట్టారు. అయితే మయూరి అంటే ఆడనెమలి. దానికి పింఛం ఉండదు. ఆ అందమంతా మగదానిది. హంస మాటకొస్తే, పాలూ నీళ్ళూ వేరుచేసే ఆ పక్షి పుస్తకాల్లోది. మన చెరువులకు చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే, తలమీద నల్లని పట్టీలున్న పెద్దబాతునే పూర్వులు హంస అన్నారని పక్షిశాస్త్రం తెలిసినవాళ్ళలో చాలామంది అంటారు. జాబితాలో 'కీర' అని మరో పేరుంది. సంస్కృతంలో చిలక అని అర్థం, పొట్టి పేరు. అమ్మాయికి బాగా నచ్చింది. అల్లుడుగారు మాత్రం నవ్వాపుకోలేక, "బజార్లో కీరా కిలో ఎంత అని అడుగుతారు మావయ్యగారూ" అన్నాడు. దోసకాయ పేరు పిల్లకెందుకని అదీ పోయింది.

అప్పుడు మా ఆవిడ చంటిదానికి కాటుక పెడుతూ, తల ఎత్తకుండానే ఒక మాట అంది. "పక్షి పేరే కావాలంటే మనింట్లోనే ఉందిగా. అత్తగారి పేరు చెప్పరేం?"

నేను పేపరు తిరగేస్తూ ఊరుకున్నాను. ఆ మౌనం ఎందుకో తరవాత చెబుతాను.

మర్నాడు మా ఆవిడే, "మగాళ్ళిద్దరూ పురిటింట్లో అడ్డంగా ఎందుకు? అబ్బాయికి ఏదైనా ఊరు చూపించి తీసుకురండి" అంది. పేరు కోసం ఇంతగా పక్షుల్ని తవ్వుతున్నాం, అసలు పక్షుల్నే చూసొస్తే పోలా అనిపించింది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఇన్నేళ్ళుగా ఆ దారినే విశాఖపట్నం వెళుతూ వస్తూ ఒక్కసారీ దిగలేదు. ఆదివారం పొద్దున్నే పాసింజరు బండి ఎక్కాం.

బరంపురం దాటాక కాసేపటికే ఇచ్ఛాపురం వస్తుంది. ఆంధ్ర సరిహద్దులో మొదటి ఊరు. స్టేషను బోర్డుమీద ఒడియా అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు కనిపించగానే నాకు ఇప్పటికీ ఒళ్ళు తేలికపడినట్టు ఉంటుంది. మా అమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలదే. అక్కడికి దగ్గరలోనే తేలుకుంచి అనే ఊరుంది. వానాకాలానికి ముందు ఆ ఊరి చెట్లమీదికి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది వాటికి. పొలాల్లో నత్తల్ని ఏరుకు తినడానికి ఆ ముక్కు పనికొస్తుంది. అవి వస్తే వానలొస్తాయనీ, పంట పండుతుందనీ అక్కడివాళ్ళ నమ్మకం. వాటిమీద చెయ్యి వెయ్యరు. నవంబరు నాటికి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయి కనక మేము వెళ్ళేసరికి ఆ చెట్లు ఖాళీ.

దారిలో అల్లుడుగారికి మన ఇంటిపేర్ల గురించి చెప్పాను. పక్షుల పేర్లు పిల్లలకు ఈమధ్య వచ్చిన మోజు కాదనీ, మనవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవేననీ. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ఇంటిపేరులో చిలక వినిపిస్తుంది. కలియుగ భీముడని పేరు పొందిన మల్లయోధుడు రామమూర్తి నాయుడు గారి ఇంటిపేరు సాక్షాత్తూ 'కోడి'. ఆయనది ఈ శ్రీకాకుళం వైపు వీరఘట్టమే. గుండెలమీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషికి కోడి అన్న ఇంటిపేరు ఎక్కడా అడ్డం రాలేదు.

"గోత్రాల్లోనూ ఉన్నాయా?" అన్నాడు అల్లుడుగారు.

"ఎందుకు లేవు? భరద్వాజం అంటే సంస్కృతంలో ఒక పక్షి."

"అవును! మా షోలాపూరులో జెముడుకాకిని భారద్వాజ్ అనే అంటారు" అన్నాడు ఉత్సాహంగా. నాకు తెలియని సంగతి నాకు చెప్పినందుకు అతనికీ సంతోషం, నాకూ సంతోషం. తైత్తిరీయం అన్న వేదశాఖ పేరు తిత్తిరి పక్షినుంచి వచ్చిందని నేను చెప్పాను. అంటే మన కౌజుపిట్ట. యాజ్ఞవల్క్యుడు గురువుగారిమీద అలిగి తాను నేర్చిన వేదాన్ని కక్కేస్తే, మిగిలిన శిష్యులు కౌజుపిట్టల రూపంలో దాన్ని ఏరుకున్నారని కథ.

ఇన్నిట్లోకీ నాకు బాగా నచ్చేది శకుంతల పేరు. ఆదిపర్వంలో ఉంది. మేనక పసిగుడ్డును మాలినీ నది ఒడ్డున వదిలి వెళ్ళిపోతే, శకుంతాలు, అంటే పక్షులు, చుట్టూ చేరి క్రూరమృగాలు దగ్గరకు రాకుండా కాచాయట. కణ్వమహర్షి పిల్లను ఎత్తుకుని, పక్షులు కాపాడిన పిల్ల కనక శకుంతల అన్నాడు. పక్షిలా అందంగా ఉందని పెట్టిన పేరు కాదది. ఆ పిల్ల పక్షులకు బాకీ ఉందని రాసుకున్న పత్రం. బ్యాంకు వాడికి ఆ పేరు నచ్చడంలో ఆశ్చర్యమేముంది!

పలాసలో జీడిపప్పు అమ్మేవాళ్ళు ఎక్కారు, దిగారు. ఆ తరవాత నౌపడా జంక్షను. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్నరైలు ఇక్కడినుంచే బయల్దేరేది. ఇప్పుడది పెద్దలైను అయిపోయింది. స్టేషను దిగగానే ఉప్పుగాలి ముక్కుకు తగిలింది. తెల్లటి ఉప్పుమడులు, మధ్యలో చిత్తడి నేలలు. అక్కడ ఆటో మాట్లాడుకుని తేలినీలాపురం చేరాం.

ఊరు కనిపించేముందే పక్షులు వినిపించాయి. వినిపించాయి అంటే పాటలు అనుకునేరు. చెక్కలు టకటక కొట్టినట్టు చప్పుడు. పెద్ద రంగుల కొంగలకు గొంతు లేనట్టే. కబురు చెప్పుకోవాలంటే ముక్కు రెండు ముక్కలూ టకటకలాడిస్తాయి. వాటి పిల్లలు మాత్రం ఆకలేసినప్పుడు గోల చేస్తాయి. చింతచెట్లు ఆకులకంటే తెల్లగా పక్షులతోనే కనిపించాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కలు, పసుపు ముక్కు, తోకదగ్గర గులాబీరంగు జల్లుకున్నట్టుండేవి రంగుల కొంగలు. బూడిదరంగులో పెద్ద ముక్కుకింద సంచి వేలాడుతున్నవి గూడబాతులు. ఒక్కో చెట్టుకు ఎన్ని గూళ్ళో! ఒకే కొమ్మమీద నాలుగు సంసారాలు. గూడబాతు చెరువుల్లో చేపలు పట్టి మింగి తెస్తుంది. పిల్ల తల్లి సంచిలోకి తల దూర్చి తింటుంది. తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తుంది చూసేవాళ్ళకి.

అటవీశాఖవాళ్ళ విడిది కేంద్రం ఉంది. చూసి, ఊరి వీధిలోకి నడిచాం. అక్కడ ఒక అరుగుమీద పెద్దావిడ చింతపండు గింజ తీస్తోంది. చెట్టుకింద వాసన ఘాటుగా ఉంది. పైనుంచి ఏది మీద పడుతుందో తెలియదు. అల్లుడుగారు జేబురుమాలు ముక్కుకు పెట్టుకోబోయి, ఆవిడని చూసి మర్యాదకి మానేశాడు.

"ఏటి బావూ, పచ్చుల్ని సూడ్డానికొచ్చినారా?" అంది ఆవిడ.

"అవునమ్మా. వాసనకీ రొచ్చుకీ మీకు కష్టంగా ఉండదూ?"

"ఆడపిల్ల పురిటికొస్తే ఇల్లు రొచ్చవదేటి? ఆళ్ళు మా ఆడపిల్లలు బావూ. పురుడోసుకోడానికొస్తారు. పిల్లలు ఎగరడం నేర్సినాక ఎల్లిపోతారు. రాకపోతేనే బెంగ" అంది.

సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి, గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలు విప్పాక మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్ళిపోతాయి అవి. ఆ ఊరివాళ్ళు వాటిని ఆడపడుచులుగా చూస్తారని నేను పేపర్లలో చదివాను. అయినా పేపర్లో చదవడం వేరు, అరుగుమీద కూర్చున్న మనిషి నోట వినడం వేరు.

ఈ పక్షులు సైబీరియానుంచి వస్తాయని ఎక్కువమంది చెబుతారు. నేనూ అంతకాలం అదే అనుకున్నాను. తీరా పక్షుల పుస్తకాల్లో చూస్తే అది నిజం కాదు. రంగుల కొంగలూ, ఈ గూడబాతులూ మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ పుట్టి పెరిగేవే. నీళ్ళూ చేపలూ ఎక్కడ దొరికితే అక్కడికి తిరుగుతాయి. గూడు పెట్టే కాలానికి తెలిసిన చెట్టు వెతుక్కుంటూ వస్తాయి. మంచుదేశంనుంచి వచ్చిన అతిథులు కారు. పొట్టకోసం ఊళ్ళు తిరిగే సొంత మనుషులు. ఈ మాట చెప్పగానే అల్లుడుగారు పకపకా నవ్వి, "అయితే మనలాంటివాళ్ళే" అన్నాడు.

ఇలాంటి ఊళ్ళు ఇదొక్కటే కాదు. కర్ణాటకలోని మన పాఠకులకు కొక్కరె బెళ్ళూరు తెలిసే ఉంటుంది. బెంగళూరు, మైసూరు దారిలో మద్దూరుకు సమీపంలో ఉంది. కొక్కరె అంటే కన్నడంలో కొంగ, ఊరిపేరులోనే పక్షి ఉంది. అక్కడా ఇవే రంగుల కొంగలు, ఇవే గూడబాతులు. అక్కడివాళ్ళదీ ఇదే మాట, పురిటికొచ్చిన ఆడపిల్లలని. భాష వేరు, మాట ఒకటే. తమిళనాడు శివగంగ జిల్లాలో కొల్లుకుడిపట్టి ఊరివాళ్ళు గూట్లో పిల్లలు బెదురుతాయని దీపావళికి టపాకాయలు కాల్చరు.

పుట్టిల్లు లేకుండా పోయిన పక్షులూ ఉన్నాయి. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం ప్రాంతాన ఆరేడు దగ్గర గూడబాతులు వేలకొద్దీ గూళ్ళు పెట్టేవి. 1946లో కె.కె.నీలకంఠన్ అనే మలయాళీ పక్షిప్రియుడు ఆ సంగతి లోకానికి తెలియజేశారు. తరవాతి దశాబ్దాల్లో ఆ చోటు ఖాళీ అయిపోయింది. మా అల్లుడుగారి ఊరి దగ్గర నన్నజ్‌లో బట్టమేక పిట్టకోసం అభయారణ్యం పెట్టారు. మన కర్నూలు వైపు రోళ్ళపాడులోనూ పెట్టారు. రెండుచోట్లా ఆ పిట్ట కనిపించడమే కరువైంది. తేలినీలాపురం పక్కన కూడా అంతా సుఖమే అనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఈ చుట్టుపక్కల కొబ్బరీ, జీడిమామిడీ నేలమట్టం చేసింది. 2021 చివర్లో నులిపురుగుల జబ్బువల్ల ఇక్కడ చాలా గూడబాతులు చచ్చిపోయాయి. ఆ మాట ఎత్తితే పెద్దావిడ చింతపండు పక్కన పెట్టి, "ఆ యేడు మా వీధిలో ఎవలికీ అన్నం సయించలేదు" అంది.

కొంచెంసేపయ్యాక ఆవిడే అడిగింది, ఏ ఊరు, ఎందుకొచ్చారు అని. మనవరాలు పుట్టిందనీ, పేరు వెతుకుతున్నామనీ చెప్పాను. పక్షి పేరు పెట్టాలని అమ్మాయి పట్టుదల అని కూడా చెప్పాను.

"పెద్దలెవరి పేరూ లేదా? మీ అమ్మగారి పేరేటి?"

నేను ఒక్క క్షణం ఆగాను. పక్కన అల్లుడుగారున్నాడు.

"చిలకమ్మ" అన్నాను.

"ఇంకేటి మరి?" అంది ఆవిడ, ఇంత దూరం ఎందుకొచ్చావన్నట్టు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికింది. అల్లుడుగారు ఫోను తీసి రాష్ట్రాలవారీగా పక్షుల పేర్లు చూస్తున్నాడు. పైకి చదువుతుంటే నేను వింటున్నాను. ఒడిశాకు పాలపిట్ట. కర్ణాటకకు పాలపిట్ట. తెలంగాణకూ పాలపిట్టే. దసరానాడు చూడాలని మనం వెతికేది ఆ పిట్టనే. తమిళనాడుకు ఆకుపచ్చ రెక్కల పావురం. మహారాష్ట్రకు హరియల్, అంటే పసుపు కాళ్ళ పచ్చపావురం. యానాం ఉన్న పుదుచ్చేరికి కోకిల. "ఆంధ్రప్రదేశ్‌కి మొదట పాలపిట్టే ఉండేదట మావయ్యగారూ. 2018లో మార్చారు. ఇప్పుడు రామచిలుక" అన్నాడు.

ఆ ఏడాదికి మా అమ్మ పోయి పన్నెండేళ్ళు.

అప్పుడు అతనికి చెప్పాను, ఇంతవరకూ నా కూతురికి కూడా చెప్పని సంగతి. 1995లో నా పెళ్ళి. అప్పుడే ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చింది. శుభలేఖ నేనే రాసి ప్రెస్సుకిచ్చాను. మా నాన్నగారి పేరు పక్కన 'శ్రీమతి లక్ష్మి' అని వేయించాను. చిలకమ్మ అన్న పేరు బ్యాంకు స్నేహితుల ముందు, ఆడపెళ్ళివారి ముందు మోటుగా ఉంటుందనిపించింది. మా అమ్మకి చదువు రాదు కదా, తెలియదు అనుకున్నాను. కార్డులకి పసుపు రాస్తూ పక్కింటి పిల్లచేత చదివించుకుంది. సాయంత్రం నాకు అన్నం వడ్డిస్తూ ఒకే మాట అడిగింది. "లక్ష్మి ఎవర్రా?"

జవాబు చెప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. పోయేవరకూ ఆ ప్రస్తావన తేలేదు.

ఆ తరవాత ఉద్యోగరీత్యా తమిళనాడులో మూడేళ్ళు పనిచేశాను. అక్కడ కౌంటరు దగ్గరకు మయిల్ అనీ, కుయిలి అనీ, అంజుగం అనీ పేర్లున్న ఆడవాళ్ళు వచ్చేవారు. నెమలి, కోకిల, చిలక. అంజుగం అంటే తమిళంలో చిలక. ఐదుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన కరుణానిధి గారి తల్లి పేరు అంజుగం. ఆయన ఆ పేరును దాచుకోలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నేను లెడ్జరు ముందు కూర్చుని చాలాసేపు అంకెలు కలపలేకపోయాను. ఇంకో తమాషా చూడండి. పాసుపుస్తకంలో ఒక పేరూ, రేషనుకార్డులో ఇంకో పేరూ ఉందని ఎంతమంది ముసలమ్మల కాగితాలు నేను వెనక్కి తిప్పి పంపానో! "పేరు ఒక్కటే ఉండాలమ్మా" అని నీతి చెప్పినవాణ్ణి, కన్నతల్లి పేరు నా చేత్తో మార్చినవాణ్ణి.

అల్లుడుగారు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. కాసేపటికి, "మావయ్యగారూ, మనం పిల్లకి పక్షి పేరు పెడదామని తిరుగుతున్నాం. ఆ ఊరివాళ్ళు పక్షికి ఆడపిల్ల అని పేరు పెట్టుకున్నారు" అన్నాడు.

ఇచ్ఛాపురం వచ్చేవరకూ ఆ మాటే నా చెవిలో ఉంది. తేలినీలాపురంలో ఎవరూ పిల్లకి గూడబాతు అని పేరు పెట్టరు, కొంగ అని పిలవరు. ఆ పక్షులు చూడ్డానికి పెద్ద అందగత్తెలూ కావు, పాటా లేదు. అయినా రొచ్చు భరించి ఇంటి పిల్లలనుకున్నారు. పేరుకు విలువ వచ్చేది అక్కడే. మనది అని ఒప్పుకోవడంలో. ఒప్పుకోనప్పుడు లక్ష్మి అని ఎంత అందంగా అచ్చువేసినా అది ఖాళీ చెక్కే.

ఇంటికొచ్చి అమ్మాయికి అంతా చెప్పాను. పిల్లను ఒళ్ళో పెట్టుకుని వింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. "నానమ్మ నన్ను గోరింకా అని పిలిచేది, గుర్తుందా నాన్నా?" అంది. నాకు గుర్తులేదు. మా ఆవిడకి గుర్తుంది. మా అమ్మ తొమ్మిదేళ్ళ మనవరాలికి తల దువ్వుతూ, "నేను చిలకని, నువ్వు గోరింకవి" అనేదట.

ఆ వెంటనే అమ్మాయి ఫోను తీసి జాబితాలో పేరు చూపించింది. శారిక. సంస్కృతంలో గోరువంక. ఒడియావాళ్ళు శుకశారి అంటారు, మరాఠీవాళ్ళకు మైనా అంటే తెలుసు, తెలుగువాళ్ళకు చిలకా గోరింకలు చెప్పక్కర్లేదు. "ఎక్కడికెళ్ళినా చెల్లుతుంది" అంది. ఒక సలహా మాత్రం బ్యాంకు వాడిగా నేను ఇచ్చాను. జనన ధ్రువపత్రంలో ఏ అక్షరాలతో రాస్తే ఆధారులోనూ, బడిలోనూ, బ్యాంకులోనూ అవే అక్షరాలుండాలి అని. అది మీ అందరికీ కూడా చెబుతున్నాను.

బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో అల్లుడుగారు పేరు రాశాడు. తెలుగు రాయడం రానివాడు వారం రోజులు కాగితంమీద దిద్దుకుని నేర్చుకున్నాడు. మొదట పెద్దల పేరు రాయాలని మా ఆవిడ ముందే చెప్పింది. 'చిలకమ్మ' అని రాశాడు. ల కొంచెం వంకర పోయింది, మ ఒత్తు కింద బియ్యం జారిపోయి రెండుసార్లు దిద్దాడు. దాని కింద 'శారిక' అని రాశాడు.

ఆహ్వానపత్రం ఈసారీ నేనే రాసి ప్రెస్సుకిచ్చాను. తెలుగులో వేయించాను. అందులో ఒక పంక్తి ఇలా ఉంది: 'కీర్తిశేషులు చిలకమ్మ గారి మునిమనవరాలు'. అచ్చయి వచ్చాక కార్డులకు పసుపు నేనే రాశాను. ముప్ఫై ఏళ్ళ పాత బాకీ. అసలు తీరిందో, వడ్డీ మాత్రమే తీరిందో చెప్పలేను.

మార్చి నెలలో అమ్మాయి పిల్లను తీసుకుని బెంగళూరు ప్రయాణమవుతుంది. ఇంచుమించు అదే రోజుల్లో తేలినీలాపురం చెట్లమీదనుంచి పిల్లలు రెక్కలు విప్పి తల్లుల వెంట వెళ్ళిపోతాయి. మీ ఇళ్ళల్లో కూడా చిలకమ్మలూ, హంసమ్మలూ ఉండి ఉంటారు. ఏ శుభలేఖలోనో, ఏ దరఖాస్తులోనో ఆ పేర్లు మారిపోయి ఉంటే, పిల్లలకు ఒకసారి అసలు పేరు చెప్పండి. వీలైతే చలికాలంలో ఆ ఊరికి తీసుకువెళ్ళండి. నౌపడాలో దిగాలి. వెంట గొడుగు తీసుకువెళ్ళడం మంచిది. ఎండకోసం కాదు, చెట్లకింద నడవడానికి.